కాళ్ళతో నేర్చుకున్న జంతుశాస్త్రం

మేం చదువుకునే కాలంలో ఎవరికి చదువు ఎలా ఎక్కుతుందన్న ప్రశ్న ఎవరూ వేసేవారు కాదు. ఎక్కిందా, లేదా? అంతే. ఈ మధ్య సూర్యాపేటలో మా టీచర్లకు శిక్షణ పెట్టినప్పుడు ఒక కుర్ర శిక్షకుడు, మనుషుల్లో కళ్ళతో నేర్చుకునేవాళ్ళు, చెవులతో నేర్చుకునేవాళ్ళు, చేతులతో నేర్చుకునేవాళ్ళు ఉంటారని చెప్పి, ఎవరే రకమో చేతులెత్తమన్నాడు. నేను ఏ రకానికీ ఎత్తలేదు. "మీరెలా నేర్చుకుంటారు మేడం?" అనడిగితే "కాళ్ళతో సార్" అన్నాను. హాలంతా నవ్వింది. అతను మర్యాదగా నవ్వి ముందుకు వెళ్ళిపోయాడు. నేను చెప్పవలసింది మిగిలిపోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఇంటర్ సూర్యాపేట హాస్టల్లో ఉండి చదివాను. అక్కడ స్టడీ అవర్లో కదలకుండా కూర్చోవాలి. నేను కూర్చున్నాను, పుస్తకమూ నా ముందు కూర్చుంది, ఇద్దరి మధ్యా ఏమీ జరగలేదు. మార్చిలో జువాలజీ తప్పాను. వేములపల్లి దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాక నాన్న తీర్పు చెప్పాడు. "మళ్ళ రాయి. పాసైతే డిగ్రీ. తప్పితే కోదాడల మీ అత్త కాడికి పొయ్యి కాజాలు కుట్టుకో." కోదాడ మేనత్తకు టైలరింగ్ షాపు ఉంది. ఆమె అప్పుడే ఫోన్లో "పంపించన్నయ్యా, జాకెట్టు కుట్టడం నేర్పిస్తాను" అని మాటిచ్చేసింది. (నా చేతికి సూది ఇస్తే గుడ్డకన్నా వేలికే ఎక్కువ కుట్లు పడతాయని పాపం ఆమెకు తెలియదు.) నాకేమో బోర్డు మీద కప్ప బొమ్మ గీసే మేడం కావాలని ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత మార్కులు లేవు.

అవి యాసంగి పంట వడ్లు ఆరబెట్టే వేసవి రోజులు. కొనుగోలు కేంద్రం ముందు మా వడ్లు పరిచి ఉన్నాయి. తేమ పోతే తప్ప కాంటా పెట్టరు. అందుకని వడ్లలో చెప్పుల్లేకుండా, పాదాలు ఈడుస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు సాళ్ళు తీసినట్టు నడవాలి. అప్పుడే అడుగునున్న గింజ పైకొస్తుంది. అమ్మ ఆ పని నాకు అప్పగించి, "సదువుకుంటనే కలెబెట్టు, ఎవరద్దన్నరు?" అంది. పుస్తకం పట్టుకుని పైకి చదువుతూ నడిచాను. వింతేమిటంటే చదివింది నిలిచింది! ఒక సాలుకు ఒక పేరా. కొసకు పోయి వెనక్కు తిరిగితే కొత్త పేరా. కప్పలు, బొద్దింకలు, జీర్ణవ్యవస్థ అన్నీ వడ్లలోంచి నా కాళ్ళ గుండా తలకెక్కాయి.

ఒక్క గుండె పాఠమే తేలలేదు. దాన్ని సాయంత్రం పూట ఎత్తుకునేదాన్ని. శరీరంలోని చెడు రక్తం కుడి కర్ణికలోకి, అక్కణ్ణుంచి కుడి జఠరికలోకి వచ్చేసరికి మబ్బు కమ్మేది. "మబ్బు వట్టిందే! పరదాలు పట్టుకరా!" అని అమ్మ కేక. పుస్తకం పారేసి, వడ్ల మీద పరదాలు కప్పడానికి పరుగు. మర్నాడు నడుమ నుంచి మొదలుపెడితే కాళ్ళు ఒప్పుకునేవి కాదు, మళ్ళీ మొదటి నుంచే. అలా ఆ రక్తం నా దగ్గర కుడి జఠరిక దాటింది లేదు.

పరీక్ష మిర్యాలగూడలో, మధ్యాహ్నం. జవాబు గుర్తురావాలంటే కాళ్ళు కదలాలి కదా, చెప్పులు విప్పి బెంచీ కింద పాదాలు ఈడ్వడం మొదలుపెట్టాను. ఇన్విజిలేటర్ వచ్చి నిలబడ్డాడు.

"ఏందమ్మా గా కాళ్ళ సప్పుడు? కింద చీటీ గిట్ల వెట్టినవా?"

"లేదు సార్, వడ్లు కలెబెడుతున్న."

ఆయన వంగి చూశాడు. చీటీ లేదు. గొంతు తగ్గించి, "ఆరినయా?" అన్నాడు.

"ఇంకా తేమ పోలే సార్."

"నిడమనూర్ల మావి గూడ గంతే. సరే, సప్పుడు రాకుంట కలెబెట్టు."

పెద్ద ప్రశ్న గుండె మీదే వచ్చింది. రాస్తూ పోయి కుడి జఠరిక చేరాను. చెవిలో అమ్మ కేక వినపడింది. బెంచీలోంచి లేచి నిలబడ్డాను.

"ఎటు పోతున్నవ్?"

"మబ్బు వట్టింది సార్!"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నిజంగానే పట్టింది. గబగబా గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కు చూశాడు. "కూసో బిడ్డా. నువ్వు పోరాదు, నేను పోరాదు. రాసుకో" అన్నాడు.

కూర్చున్నాను. వాన మొదలైంది. అమ్మ ఒక్కతే పరదాలు లాగుతూ ఉంటుందని ఏడుపొచ్చింది. తడిసిన వడ్లను ఇక ఏం చేస్తాం అనుకున్నాను. ఏముంది, గాలికి ఆరబెడతాం. అప్పుడు తట్టింది. చెడు రక్తాన్ని మాత్రం ఏం చేస్తారు? దాన్నీ గాలికే పంపాలి. గాలి ఉండేది ఊపిరితిత్తుల్లో! బాగుపడ్డ రక్తం మళ్ళీ గుండెకు రావాలి, ఎడమ వైపు ఖాళీగానే ఉంది. కాళ్ళు కదపకుండా నేను రాసిన మొదటి జవాబు అదే.

బస్సు దిగి ఇంటికి పరుగెత్తి "వడ్లు తడిసినయా?" అన్నాను. అమ్మ తడి కొంగు పిండుకుంటూ "వడ్లు ఆర్తయి తియ్యి. రాసినవా?" అంది. మర్నాడు మళ్ళీ వడ్లలో దిగాను. చదవడానికి ఏమీ లేక అడుగు పడలేదు. అమ్మ విసుక్కుంది. "ఏదో ఒకటి సదువరాదే! నీ నోరు నడిస్తెనే కాళ్ళు నడుస్తయి."

పాసయ్యాను. ఇప్పుడు కోదాడలో జీవశాస్త్రం చెబుతున్నాను. నా జాకెట్లు అత్తే కుడుతుంది. "నువ్వు పాసవడం నా షాపు అదృష్టం" అంటుంది. మా ఊళ్ళో వడ్లు కోత మిషన్ నుంచి నేరుగా మిల్లుకే పోతున్నాయి, కలెబెట్టే పని లేదు. అయినా గుండె పాఠం చెబుతూ కుడి జఠరిక దగ్గరికి రాగానే ఆగి, కిటికీలోంచి ఒకసారి ఆకాశం వైపు చూస్తాను. ఎందుకో తెలియకపోయినా పిల్లలూ చూస్తారు. మబ్బు లేదని తేలాక అందరం కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళతాం.