మా నల్లమ్మత్త తెచ్చుకున్న తిమ్మిరి

ఊళ్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది మా నల్లమ్మత్తకు కూడా వచ్చి తీరాల్సిందే. ఒకరికి షుగరంటే ఆమెకూ షుగరే, ఒకరికి థైరాయిడంటే ఆమెకూ థైరాయిడే. ఎదుటి మనిషి జబ్బు పేరు పూర్తిగా చెప్పకముందే, పెళ్లిపిలుపు అందుకున్నంత సంబరంగా "నాకూ ఉండాది!" అని గంతేస్తుంది. చూస్తే మాత్రం అరవై దాటాక కూడా వేరుశనగ మూట భుజానేసుకుని మిద్దె ఎక్కే మనిషి!

నేను రామదాసును, ఆమె మేనల్లుణ్ణి. రాయదుర్గం పక్క పల్లె మాది. ఆటో నాది, అందులో కిరాయి లేని సవారీ మా అత్తది.

ఒకసారి మా వీధి చౌడప్పతాత అరుగు మీద కూర్చుని, తనకు ప్రోస్టేటు గ్రంథి వాచిందేమోనని నా చెవిలో గొణిగాడు. అటుగా పోతున్న అత్త టక్కున ఆగింది.

"నాకూ ఉండాది!"

"అత్తా, అది మగోళ్లకే ఉంటాదంట."

"నీ ఆటోలో యాడ ఏముండాదో నీకే తెలీదు. నా కడుపులో ఏముండాదో నీకేం తెలుసురా? బండి తియ్! చౌడప్పా, నువ్వు గూడా ఎక్కు. ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం."

ఆ రోజు ఆసుపత్రిలో మా అత్త తనకేం జబ్బో చెప్పగానే, డాక్టరు గారు మంచినీళ్లు తాగాక గానీ మాట్లాడలేకపోయారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఎదురింటి కోడలు ప్రసూన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డుకు పోతుంది. పొద్దస్తమానం మందపాటి గుడ్డను మిషను కిందికి తోసే పని. కొన్నాళ్లుగా ఆ పిల్లకు రాత్రుళ్లు కుడిచేతి వేళ్లు మొద్దుబారి, నిప్పుల్లో పెట్టినట్టు మంట. లేచి కూర్చుని చేయి విదిలించుకోవడంతోనే తెల్లారిపోతోంది. మణికట్టు కోసి నరం బయటికి తీస్తారని షెడ్డులో ఎవరో చెప్పారట. ఓనరుకు తెలిస్తే మిషను మీదనుంచి లేపేస్తాడని ఇంకో భయం. మొగుడు కుళ్లాయప్ప గొర్రెలు కాస్తాడు. మనిషి మంచివాడే గానీ, "పనికి పోబుద్ధి గాక కథలు పడతాంది" అని తేల్చేశాడు.

ఒక పొద్దున కొళాయి దగ్గర ప్రసూన చేతిలోంచి నిండు బిందె జారి దబ్బున పడింది. నీళ్లొచ్చే రోజులే తక్కువ మాకు. అందరూ ఆమె వంక కొరకొరా చూశారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమయింది తల్లీ?" అంది అత్త దగ్గరికి పోయి.

"ఏం లేదత్తా. రాత్రంతా చెయ్యి తిమ్మిరెక్కి..."

"నాకూ ఉండాది!" అని కేక పెట్టింది అత్త. "రామదాసూ, బండి తియ్! ప్రసూనా, తోడు రా తల్లీ. డాక్టరమ్మ ఏమన్నా కోసేస్తే నన్ను ఎవరు పట్టుకుంటారు?"

పాపం, ఆ మాట కాదనలేక ఎక్కింది ప్రసూన.

ఎముకల డాక్టరమ్మ గదిలోకి పోగానే అత్త చేయి చాపింది. "కోసేదుంటే ముందు నాది కొయ్ తల్లీ. చూసి ఈ పిల్ల ధైర్యం తెచ్చుకుంటాది."

డాక్టరమ్మ ఇద్దరినీ ఎవరి రెండు చేతుల వెనకవైపులు వాళ్లు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడదీయమంది. కాసేపటికే ప్రసూన ముఖం చిట్లించి, "చీమలు పాకతాండాయి మేడం" అంది.

"నాకు గండుచీమలు!" అంది అత్త.

"ఏ వేళ్లలో అమ్మా?"

"అన్నిట్లో. కాలివేళ్లలో గూడా."

డాక్టరమ్మ నవ్వాపుకుని ప్రసూన వైపు తిరిగింది. "మణికట్టులో ఇరుకు దారి ఒకటుంటుంది. అందులోంచి పోయే నరం ఒత్తుకుంటోంది. నిద్రలో మణికట్టు మడుచుకుంటాం కదా, అప్పుడు మరీ ఒత్తుకుంటుంది. అందుకే రాత్రుళ్లు ఈ మంట. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. మణికట్టు వంగకుండా ఈ పట్టీ కట్టుకుని పడుకో. పగలు మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వు. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. చేతిలో బలం తగ్గినట్టనిపిస్తే మాత్రం వెంటనే రా."

"మరి నాకో?"

"మీకేమీ లేదమ్మా. మీ చేతులు నా చేతులకన్నా గట్టిగా ఉన్నాయి."

తిరునాళ్లలో బొమ్మ దొరకని పిల్లలా ముఖం పెట్టింది అత్త. "సరిగ్గా చూడు తల్లీ, ఇంత దూరం వచ్చినాను" అని బతిమాలింది. చివరికి తనకూ ఒక పట్టీ కొనుక్కుని గానీ ఆటో ఎక్కలేదు.

సాయంత్రం ఆ పట్టీ కట్టుకుని నేరుగా కుళ్లాయప్ప ముందు నిలబడింది.

"ఏమప్పా కుళ్లాయప్పా, నాకు మణికట్టులో నరం ఒత్తుకునే జబ్బొచ్చినాది."

"అయ్యో, నీకా అత్తా? మా ఆడమనిషి గూడా అట్లే ఏదో అంటాంటాది..."

"ఆ యమ్మిదీ ఇదే జబ్బు! నేను కథలు పడతాండానా?"

"నువ్వెందుకు పడతావత్తా!"

"మరి ఆ యమ్మి?"

ఆ రాత్రినుంచి ప్రసూన చేతికి పట్టీ తనే కట్టాడు. తడిబట్టలు పిండే పని కూడా ఆయన మీదే పడింది.

మొదట్లో ఏమీ తగ్గలేదు. పట్టీ బిగుతై ఒరుసుకుంటోందని ప్రసూన విప్పి మూలకు పారేసింది. "నాకూ తగ్గలేదు తల్లీ. ఇద్దరం ఇంకొన్నాళ్లు చూద్దాం" అని అత్త దాన్ని నాకిచ్చి, మార్చుకు రమ్మని తరిమింది.

ఆసుపత్రిలో నర్సమ్మ పెద్ద పట్టీ ఇస్తూ అడిగింది. "నల్లమ్మ నీకేమవుతుంది?"

"మేనత్త."

"భలే మనిషి! ఎప్పుడొచ్చినా తనకే జబ్బని చెప్పి, వెంట ఒకరిని తోడు తెస్తుంది. ఆమెకు ఇంతవరకూ ఏ జబ్బూ తేలలేదు. ఆ తోడొచ్చిన మనిషికి మాత్రం తేలకుండా పోలేదు!"

ఆటో దాకా వచ్చి కూడా బండి తీయడం మరిచిపోయి నిలబడ్డాను. ఇన్నేళ్లు నవ్వుకుంటూ తిప్పినవాణ్ణి నేనే కదా!

కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున ఆటో తీసి అలవాటుగా హారను కొట్టబోయాను. అత్త గాలిలా వచ్చి నా చేయి పట్టుకుంది.

"కొట్టినావంటే చంపుతా!"

చుట్టూ చూస్తే వీధంతా విచిత్రంగా ఉంది. పాలాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ఆడవాళ్లు బిందెలను చంటిపిల్లల్లా దించుతున్నారు. కుళ్లాయప్ప గడప ముందు కూర్చుని, అరవకుండా గొర్రెపిల్ల మూతి రెండు చేతులా మూసి పట్టుకున్నాడు.

"ఏమయిందత్తా?"

"ప్రసూన పడుకోనుండాది! రాత్రి పడుకున్నది ఒక్కసారి గూడా లేచి చెయ్యి విదిలించుకోలేదంట!" అత్త కళ్లు మెరిసిపోతున్నాయి. ఆమె గుసగుస చెరువు అవతలికి వినిపించేలా ఉంది.

నేను గొంతు తగ్గించాను. "నీకేం జబ్బు లేదని డాక్టరమ్మ మొగం మీదే చెప్పినాది గదా. ఇంకా ఎందుకత్తా నాకూ నాకూ అనేది?"

"ఆసుపత్రికి పోవే అంటే పోతాదా ఆ యమ్మి? నాకు తోడు రా అంటే వచ్చినాది. తన కోసరం కదలనోళ్లు గూడా ఇంకొకరికి సాయమంటే లేచొస్తార్రా."

అంతలో గొర్రెపిల్ల కుళ్లాయప్ప చేతుల్లోంచి జారి, ఇంతసేపు దాచుకున్న అరుపంతా ఒక్కసారే అరిచింది. వీధి మొత్తం బిగుసుకుపోయింది. తలుపు తెరుచుకుని, జుట్టంతా రేగిపోయి, ప్రసూన బయటికి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, షెడ్డుకు టైమయిపాయ! ఎవరూ లేపలేదేంటి?"

అందరూ తన చేతివైపే చూస్తుంటే, తనూ చూసుకుంది. వేళ్లు ముడిచింది, తెరిచింది. మళ్లీ ముడిచింది. నిద్రమత్తు ముఖం మీద మెల్లగా నవ్వు విచ్చుకుంది.

కుళ్లాయప్ప పారిపోతున్న గొర్రెపిల్ల సంగతే మరిచిపోయి భార్యను చూస్తూ నిలబడ్డాడు. "రామదాసూ, బండి తియ్!" అని అత్త వీధి అదిరేలా అరిచింది.

ఆ రోజు షెడ్డుకు ఎంత తొందరగా తోలినా ఆలస్యమే అయింది. ప్రసూన మాత్రం దారి పొడుగునా ఆవలిస్తూనే ఉంది, ఆవలించినప్పుడల్లా నవ్వుతూనే ఉంది.