గొలుగొండ తాత గుర్తు కింద ఇరవై రెండు చీరలు

నర్సీపట్నంలో నేను పదకొండు దుకాణాలకు పేజీలు నడుపుతాను. వాళ్ల సరుకు ఫొటోలు తీసి, నాలుగు ముక్కలు రాసి, జనం ఫోన్లలో కనబడేలా పెట్టడం నా పని. కొత్తగా వచ్చే ప్రతి దుకాణదారుడూ ఈ హ్యాష్‌ట్యాగులు ఇంకా పనిచేస్తాయా అని అడుగుతాడు. వాటి కాలం అయిపోయిందని చెబుతూ వచ్చాను. అమ్మకాల వరకూ అది చాలామటుకు నిజమే. కానీ ఆ మాట నేను మొదటిసారి అన్నది అమ్మకాల గురించి కాదు. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్నాను. దానివల్ల ఒకావిడ తన ఇంట్లోనే దోషి అయింది. ఆ లెక్క సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

అప్పట్లో నా ఫోన్లో ముప్పై హ్యాష్‌ట్యాగుల మూట ఒకటి ఉండేది. ఊరిపేరు, వైజాగ్, ప్రేమ, అమ్మ, వాన, క్రికెట్. మటన్ కొట్టు ఫొటో కింద కూడా అమ్మ అని పెట్టిన ఘనుణ్ణి. పొద్దున లేవగానే ఊళ్లో జనం దేని గురించి ఎక్కువ చూస్తున్నారో వెతికి, ఆ గుర్తును మూటలో చేర్చేవాణ్ణి. అది పెళ్లా, ప్రమాదమా అన్నది నాకు అనవసరం. జనం పోగైతే చాలు. దాన్ని నేను పనితనం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, విస్తరాకులు పారేసిన చోట ఏం దొరుకుతుందా అని తిరిగినట్టు ఉంటుంది.

రెండేళ్ల కిందట ఆషాఢంలో, గొలుగొండ నుంచి కంటి పరీక్షకు వచ్చిన ఒక పెద్దాయన మా ఊళ్లో తప్పిపోయారు. ఎనభై ఏళ్లు, మతిమరుపు. కూతురు ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి, మందుల షాపులో చీటీ ఇచ్చి వెనక్కి తిరిగేసరికి లేరు. ఆవిడ ఇక్కడే టీచరు. ఆ సాయంత్రమే తండ్రి ఫొటో పెట్టి, కింద #గొలుగొండతాత అని రాసింది. ఎవరికి కనిపించినా ఫొటో తీసి ఇదే గుర్తుతో పెట్టండి, నొక్కితే అన్నీ ఒకేచోట కనబడతాయి అని కోరింది. ఊరంతా పంచుకుంది. మర్నాడు పొద్దున నేను వెతికితే అన్నిటికంటే పైన అదే ఉంది.

ఆవేళే ఒక బట్టల షాపులో ఆషాఢం తగ్గింపు మొదలు. షాపాయన తొందర షాపాయనది.

"ఒకే దాంట్లో పది సీరలు పెడితే ఎవులు సూస్తారండి? ఒక్కో సీరకీ ఒక్కోటి ఎయ్యండి. బేగి ఎక్కించండి గురూ, మూడ్రోజులే సేలు."

ఇరవై రెండు చీరలు, ఇరవై రెండు పోస్టులు. ఒక్కొక్కదాని కింద మూటతో పాటు #గొలుగొండతాత. అది ఎవరి గుర్తో తెలిసే పెట్టాను. ఈ మాట పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక చీర కింద కామెంటు వచ్చింది. "ఇది తప్పిపోయిన మనిషి కోసం పెట్టింది. దయచేసి తీసెయ్యండి." రాసిందెవరో చూడకుండానే కామెంటు తీసేశాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేశాను. గిరాకీ వచ్చే వేళ అడ్డమని చిరాకుపడ్డాను కూడా.

ఆ పొద్దున పది గంటలకే, మాకవరపాలెం రోడ్డులో టీ కొట్టు నడిపే ఒకాయన, బల్ల మీద కూర్చున్న ముసలాయన్ని ఫొటో తీసి ఆ గుర్తుతోనే పెట్టాడు. ఆ ఫొటో మీద నా చీరలు వచ్చి పడి, అది అడుక్కి పోయింది. ఆ ఫొటో ఇంటివాళ్ల కంటబడేసరికి మరుసటి సాయంత్రమైంది. అప్పటికి ఆయన అక్కడ లేరు. ఆ మర్నాడు చెరుకుతోట పక్కన కాలవలో దొరికారు, తుంటి విరిగి. మళ్లీ లేచి నడవలేదు.

నెల తర్వాత బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, ఆ పెద్దాయన కొడుకు నలుగురితో చెబుతున్నాడు.

"మా సెల్లి ఫోనట్టుకుని కూకుంది. రోడ్డు మీద పడి ఎతుకుదాం రాయే అంటే, ఇందులో తెలుస్తాదన్నయ్యా అంటది. ఏటి తెలిసింది?"

పక్కనున్నాయన నావైపు తిరిగాడు. "మీరదే పని కదా గురూ. అది పంజేస్తాదా?"

"వాటి కాలం అయిపోయిందండి," అన్నాను.

"ఇన్నారా? ఆ పని సేసే ఆయనే సెప్తన్నాడు," అన్నాడు కొడుకు. నేను టీ తాగేసి గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ చలికాలం పెద్దాయన పోయారు. అన్నాచెల్లెళ్లకు మాటల్లేవని తర్వాత విన్నాను. నా సాక్ష్యం ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో తెలియదు. పోయిన నెల టీచరుగారింటికి వెళ్లాను. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. చీరలు, తీసేసిన కామెంట్లు, బస్టాండు దగ్గర అన్న మాట, అన్నీ చెప్పాను.

"ఆ కామెంట్లు నావేనండి," అంది. "రెండోసారి కూడా పోతే, ఫోనే పాడైందేమో అనుకున్నాను."

ఇప్పుడే ఆ చీరలన్నీ తీసేస్తానంటూ ఫోను బయటికి తీశాను.

"వద్దు," అంది. "మా అన్నయ్య చూసేవరకూ ఉంచండి. మీరు తీసేస్తే నేను చెప్పేది మళ్లీ అబద్ధమైపోతుంది. నాన్నను బల్ల మీద వదిలింది నేనే, ఆ మాట పడతాను. ఇది మాత్రం పడను."

ఆ ఆదివారం గొలుగొండ వెళ్లి పెద్దాయన కొడుకు చేతికి నా ఫోనిచ్చాను. ఆ గుర్తు నొక్కమన్నాను. పట్టుచీర, నేతచీర, మళ్లీ పట్టుచీర. వేలితో చాలాసేపు జరుపుతూ పోయాడు.

"ఈ సీరలేటండి మజ్జిన?"

"నేను పెట్టినవి. మీ చెల్లెలి మాట నిజం. ఫొటో పొద్దున పదింటికే వచ్చింది. నేను కప్పేశాను. ఆ రోజు బస్టాండు దగ్గర వాటి కాలం అయిపోయిందన్నది అబద్ధం."

అతను ఇంకా కిందికి జరిపాడు. టీ కొట్టు బల్ల మీద, గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్న తండ్రి దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. నావైపు చూడనే లేదు. తన ఫోను తీసి చెల్లెలికి చేశాడు. రింగవుతుండగా నా ఫోను అరుగు మీద పెట్టి, "మీరెల్లండి," అన్నాడు.