ఇస్తారి మనిషిలేని విమానం

ఇస్తారి విమానాన్ని ఒక్కసారే చూశాడు. పోలీసు చర్య జరిగిన ఏడు, భాద్రపదంలో. అప్పుడతనికి ఇరవై ఏడేళ్లు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పైన చప్పుడైంది. లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి అది మానేరు దాటిపోతోంది. తోక కనిపించింది. ఆ తరువాత ఎవరు విమానం మాట ఎత్తినా "నేను తోక జూసిన" అనేవాడు. మొత్తం చూశామని చెప్పుకునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. అతను మాత్రం తోక దగ్గరే ఆగాడు.

ఆ ఊరు వేములవాడకు పోయే తోవలో, మానేరు ఒడ్డున ఉంది. సాలెవాడలో ముప్పై ఇళ్లు, ఇంటికొక మగ్గం. తెల్లవారగానే వీధి పొడవునా పడుగులు, అంటే నిలువు పోగులు, సాగదీసి, నూలుకు గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతారు. ఆ వేళ బండ్లవాళ్లు వీధి చివరే ఎడ్లను ఆపి చుట్ట ముట్టిస్తారు. ఇస్తారి పుట్టింది, పెళ్లి చేసుకుంది, కండెలు చుట్టడం నేర్చుకుంది ఆ వీధిలోనే. చీర అంచులో మూడు పోగుల తేడా వస్తే కళ్లు మూసుకుని వేలితో చెప్పేవాడు. అంతకు మించి ఊళ్లో అతనికి పేరేమీ లేదు.

1960లో దసరా వెళ్లాక అంబదాస్ షోలాపురం నుంచి తిరిగి వచ్చాడు. ఇస్తారి ఈడువాడే. ఇద్దరూ ఒకే మడుగులో ఈత నేర్చుకున్నారు. పద్నాలుగేళ్లు మిల్లులో పనిచేసి, భార్యను, తల్లి ఐలవ్వను, టార్పాలిను కప్పిన రెండు ఎడ్లబండ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. బండ్లు లోపలికి పోయాయి. నెల తిరగకముందే ఇంటి చుట్టూ మనిషికి అందనంత గోడ లేచింది.

"లోపట ఏం కడుతున్నవ్ ర?" అని అడిగాడు ఇస్తారి.

"గోడ" అన్నాడు అంబదాస్.

పగటిపూట గోడ వెనక నుంచి టకటకమని చప్పుడు వచ్చేది. కాసేపట్లో ఆగిపోయేది. మళ్లీ మొదలయ్యేది. పిండి గిర్నీ అన్నారు కొందరు. కరెంటుతో నడిచే మగ్గం అన్నారు మరికొందరు. షోలాపురంలో అటువంటివి ఉన్నాయని, ఒక మనిషి నాలుగింటిని చూసుకుంటాడని అందరూ విన్నారు. ఎవరూ చూడలేదు.

ఇస్తారికి అది ఊసుపోక చెప్పుకునే మాట కాదు. అతని బావమరిది గంగయ్య షోలాపురం నుంచి ఉత్తరం రాశాడు. మిల్లులో ఇద్దరికి చోటుంది, ఉండటానికి గది చూశాను, పుష్యమాసం దాటకుండా జవాబు రాయమని. ఇస్తారి భార్య కమలవ్వ ఆ ఉత్తరాన్ని చూరులో చెక్కి, ఒక్క మాట చెప్పింది.

"ఊల్లెకు గా మిషిను నిజంగ వచ్చిందనుకో, మన మగ్గం రెండేండ్లు గూడ నడవది. మూట గట్టుకొని పోదాం. రాలేదనుకో, నేను గీ గడప దాటను. ఏదో ఒకటి తేల్చుకొని రా."

ఇస్తారికి పోవాలని లేదు. షోలాపురంలో మగ్గానికి గుంత ఉండదట. పొద్దంతా నిలబడి నేయాలట. నిలబడి చేసేదాన్ని పని అనుకోవడం అతని వల్ల కాలేదు. గోడ వెనక ఉన్నది పిండి గిర్నీ కావాలని వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడు.

మొక్కుతో పాటు ఒక పథకం కూడా వేశాడు. పథకం హనుమండ్లుది. బస్సులు ఆగే చోట హనుమండ్లుకు ఫోటో స్టుడియో ఉంది. ఒక గది, ఒక తెర, పైన దాబా. ఆ వేసవిలో పత్రికలో వచ్చిన వార్తను అతను చీకటిగది తలుపుకు అతికించుకున్నాడు. అమెరికావాళ్లు రష్యా మీదికి దొంగతనంగా ఫోటోలు తీసే విమానాన్ని పంపారు, రష్యావాళ్లు దాన్ని కూల్చారు, నడిపినవాడు ప్రాణంతో దొరికిపోయాడు.

"వాల్లు తప్పు యాడ జేసిండ్రో జెప్పనా?" అన్నాడు హనుమండ్లు.

"చెప్పన్న."

"మనిషిని ఎక్కిచ్చుడు. కెమెరను ఒక్కదాన్నే పంపియ్యాలె. పడ్డా పర్వలేదు. కెమెర నోరిప్పది."

"మనిషి లేకుంట ఇమానం ఎట్ల వోతది?"

"పతంగి ఎట్ల వోతంది?"

ఇస్తారి గుమ్మంలోంచి ఆకాశం వైపు చూశాడు. తరువాత "ఎంత పెద్ద పతంగి?" అని అడిగాడు.

పుష్యమాసమే మంచిదని ఇద్దరూ అనుకున్నారు. ఆ రోజుల్లో ఆకాశం నిండా పతంగులే. వంద ఎగురుతుంటే నూట ఒకటోదాన్ని ఎవరు పట్టించుకుంటారు? మేదరి దగ్గర వెదురు పుల్లలు చీల్పించారు. కాగితం కెమెరా బరువుకు చినుగుతుంది. ఇస్తారి తానే దూదిపొరంత పలుచటి బట్ట నేశాడు. నాలుగు రోజులు పట్టింది.

"ఏందిది?" అంది కమలవ్వ.

"తువ్వాల."

"గింత పల్సగనా?"

"ఎండకాలానికి."

దాన్ని మింటి రంగులో ముంచారు. కెమెరా మీట నొక్కడానికి పైన మనిషి ఉండడు కనుక ఊదుబత్తి పెట్టారు. బత్తి కాలుతూ వచ్చి దారాన్ని తెంపుతుంది. దారం తెగితే సైకిల్ ట్యూబు ముక్క మీటను లాగుతుంది. స్టుడియోలో పరీక్ష చేశారు. మొదటి ఫోటోలో ఇస్తారి మోకాలు వచ్చింది. రెండోదాంట్లో కూడా మోకాలే, ఈసారి స్పష్టంగా. హనుమండ్లు సంతృప్తి పడ్డాడు.

దారం ఇస్తారి పని. గాజుపొడి మాంజా వద్దన్నాడు. ఎనిమిది పోగులు కలిపి పేనాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ గంజి పట్టని నూలు అతని కంటికి స్నానం చేయని మనిషిలా కనిపిస్తుంది. కమలవ్వ పొద్దున వాడి మిగిల్చిన కుండలో నుంచి గంజి తీసి, వీధి చివర దారాన్ని సాగదీసి, పడుగుకు పట్టించినట్టే పట్టించి, దువ్వి, ఆరబెట్టాడు.

ఒక కట్టడి పెట్టుకున్నారు. విమానం పడిపోతే వెంటనే దారం కోసేయాలి. దిగి వచ్చి, తెర ముందు కూర్చుని, ఫోటో దిగుతున్నట్టు ఉండాలి.

పగలు పదకొండు గంటలకు దాబా ఎక్కారు. ఈశాన్యం గాలి బాగుంది. ఊదుబత్తి ముట్టించి వదిలారు. కెమెరా కింద వేలాడుతూ, కొంచెం ఊగుతూ, మూడు కప్పులు దాటింది. ఇస్తారి దారం వదులుతూ నడిపాడు. అంబదాస్ గోడ మీదికి వచ్చాక నిలిపాడు. కింద వీధిలో ఎవరో "గా నీలిది ఎవల్దిరా, అంత ఎత్తున్నది" అన్నారు. హనుమండ్లు చెవులు ఎర్రబడ్డాయి, సంతోషంతో.

అప్పుడు గాలి పడిపోయింది.

పతంగి తల వాల్చింది. ఇస్తారి గుంజాడు. అది ఇంకా కిందికి వచ్చింది. గోడ వెనక్కి దిగి కనిపించకుండా పోయింది. చిన్న చప్పుడైంది.

"కొయ్యి!" హనుమండ్లు కత్తెర అందించాడు.

ఇస్తారి కత్తెర తీసుకున్నాడు. కోయలేదు.

"కొయ్యవయ్యా!"

"నడుమ పోగు కొయ్యరాదన్న. మగ్గం మీదికెల్లి బట్ట దిగెదాక కొయ్యం. మా బాపు గూడ కొయ్యలే."

"గిది పడుగు గాదు! పతంగి దారం!"

"నాకెరుకనే. చేతికి తెలుస్తలేదు."

కోయలేక, తెంపుదామని గట్టిగా గుంజాడు. దారం తెగలేదు. ఇంకా గట్టిగా గుంజాడు. అటువైపు నుంచి కూడా ఎవరో గుంజారు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"ఎవలో గుంజుతున్రు."

"ఎవలు?"

"నాకేమెరుక. కెమెర నోరిప్పదంటివి."

గోడ లోపల జరిగింది తరువాత ఐలవ్వే వీధంతా చెప్పింది. ఆమెకు చూపు సగమే. వాకిట్లో వడియాలు పెడుతోంది. పక్కన ఏదో పడింది, ఊదుబత్తి వాసన వచ్చింది. దేవుడేమో అనుకుని దండం పెట్టుకుంది. తరువాత చేతికి దారం తగిలింది. వేళ్ల మధ్య నలిపింది. నాలుక మీద పెట్టుకుంది. గంజిలో ఎవరి చేయి ఎంతో సాలెవాడలో పాత తరం వాళ్లకు తెలుసు. పక్కింటి పులుసు వాసన తెలిసినట్టే తెలుస్తుంది.

"అంబదాసూ, గిది కమలవ్వ గంజిరా. తైదపిండి, మంచినూనె. గీ దేవుడు ఇస్తారి ఇంట్లకెల్లి వచ్చిండు."

అంబదాస్ పతంగిని చంకలో పెట్టుకుని, దారాన్ని మోచేతికి చుట్టుకుంటూ బయలుదేరాడు. దారం ఎటు పోతే అటు నడిచాడు. ఒక పెరడు దాటాడు, రెండు గల్లీలు దాటాడు. వెనక జనం చేరారు. చివరికి స్టుడియో దాబా కింద నిలబడ్డాడు. దారం పై కొస ఇంకా ఇస్తారి చేతిలోనే ఉంది.

"ఇస్తారీ, దిగు."

"మాకేం ఎరుకలే" అన్నాడు హనుమండ్లు. "మేము గాలికి ఎక్కినం."

"కెమెర మీద నీ దుకాణం పేరు రాసున్నది గదనే, తెల్లరంగుతోని."

జనం నవ్వారు. హనుమండ్లు ఆ పేరు తానే రాసుకున్నాడు. దిగి వచ్చారు. అప్పటికి కమలవ్వ కూడా వచ్చింది. పతంగి బట్టను చేత్తో పట్టి చూసింది.

"తువ్వాల!" అంది. "ఎండకాలానికి!"

ఇస్తారి తల వంచుకున్నాడు. అంబదాస్ తిడతాడని ఎదురుచూశాడు. కానీ అంబదాస్ అతని వైపు చూడలేదు. మోచేతికి ఉన్న దారం చుట్టను కమలవ్వ ముందు చాపాడు.

"వదినె, నీతోని పనుండి వచ్చిన. గీ దారానికి సేరు బరువు కట్టిండ్రు. గీయన అటు గుంజిండు, మా అవ్వ ఇటు గుంజింది. తెగలే."

"తెగది" అంది కమలవ్వ.

అంబదాస్ స్టుడియో మెట్టు మీద కూర్చున్నాడు. గోడ వెనక ఉన్నది మిషినే. మిల్లువాళ్లు పారేసిన పాత మర మగ్గాన్ని కొని తెచ్చాడు. నడుస్తుంది. కానీ రెండు నిమిషాలకు ఒక పోగు తెగుతుంది. మిల్లులో అతను మగ్గం నడిపాడు కానీ గంజి పట్టించే విభాగం వేరు. పడుగు తయారై వచ్చేది. అక్కడ అది ఎట్లా తయారవుతుందో ఎప్పుడూ చూడలేదు; ఊళ్లో గంజి కాయడం ఆడవాళ్ల పని, ఐలవ్వ అది మానేసి చాలా ఏళ్లయింది.

"మూడు నెల్లాయె. మూరెడు బట్ట దిగలే. షోలాపురం పోయి ఏం నేర్సుకొని వచ్చిండని నలుగురు నవ్వుతరని గోడ కట్టిన."

నవ్వడానికి అంతమంది అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఇస్తారి మాత్రం ఒక్క మాటే విన్నాడు. మిషినే. పిండి గిర్నీ కాదు. కమలవ్వ మాట కమలవ్వదే, అది మారదు. అతను చేతిలోని దారం కొసను మెల్లగా వదిలాడు.

"అయితే ఉన్నదన్నట్టు" అన్నాడు.

"సూద్దాం పా" అంది కమలవ్వ.

గోడ లోపలికి మొదటిసారి నలుగురూ పోయారు. మర మగ్గం నల్లగా, నూనె వాసనతో, గది సగం నిండి ఉంది. ఇస్తారి దాని కింద గుంత కోసం చూశాడు. లేదు. కమలవ్వ దాన్ని పట్టించుకోలేదు. పడుగు మీద అరచేయి రాసింది. వేళ్లకు తెల్లటి పొడి అంటింది.

"గీ గంజి ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"అన్నం వార్చిన గంజా?"

"ఆఁ."

కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి తేరుకుని చెప్పింది.

"అంబదాసూ, నీ పడుగుకు గంజి నేను పెడుత. ఎట్ల కాస్తనో నువ్వు సూడొద్దు, నీ పెండ్లాం సూడొద్దు. మల్ల గీ గోడకు మా ఇంటి దిక్కు ఒక దర్వాజ తియ్యి. కుండ పట్టుకొని ఊరంత తిరిగి రాను నేను."

"రేపే తీస్త వదినె."

"మరి మనం షోలాపురం?" అన్నాడు ఇస్తారి.

"నా గంజి లేకుంటె నడవని మిషిను మనల్నేం జేస్తది?" అంది కమలవ్వ. "నువ్వు మంచిగ నీ గుంతల గూసొని నెయ్యి."

ఇస్తారి గుమ్మం దాటి బయటికి పోయాడు. కళ్లలో దుమ్ము పడిందని చెప్పాడు. గాలి ఎప్పుడో పడిపోయింది.

మరునాడు హనుమండ్లు ఫిల్ము కడిగాడు. ఒక్క ఫోటో వచ్చింది. మిషిను లేదు. చాప మీద వరసగా వడియాలు, పక్కన ఐలవ్వ నడినెత్తి. హనుమండ్లు దాన్ని పెద్దది చేసి స్టుడియోలో తగిలించాడు. 1968లో దుకాణం మార్చేదాకా అది అక్కడే ఉంది. అప్పటికి అంబదాస్ దగ్గర మూడు మిషిన్లు, ఊళ్లో మరో పది. అన్నిటికీ పడుగులు కమలవ్వ చేతి మీదుగానే పోయేవి. ఇస్తారి కూర్చునే నేసేవాడు. శివరాత్రి దగ్గర పడితే గుంత మగ్గం చీరే కావాలని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

మొక్కు సంగతి కొంత ఇబ్బందయింది. గిర్నీ కావాలని మొక్కితే మిషిను తేలింది. కోడెను కట్టాలా వద్దా అని అతను ఐలవ్వను అడిగాడు. "దేవుడు నీ మాట ఇనలే, నీ మనసు ఇన్నడు. కట్టు" అంది ఆమె. కట్టి వచ్చాడు.

గంగయ్యకు మాత్రం ఆ వారమే జవాబు రాశాడు. "ఊళ్లోకి మిషిను వచ్చింది. అందుకని మేము రావడం లేదు." పది రోజులకు తిరుగు ఉత్తరం వచ్చింది. బావా, మిషిను వస్తే రావాలె గదా, ఏదో తప్పు రాసినట్టున్నవ్, మళ్లా రాయమని. ఇస్తారి దాన్ని పైకి చదివాడు. కమలవ్వ చేయి చాపి ఉత్తరం తీసుకుని, మడిచి, పొయ్యిలో పెట్టింది. అంబదాస్ పడుగుకు గంజి అప్పుడే పొంగు వస్తోంది.