తాళానికి చేసిన పూజ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, ఫోన్లు ఇప్పటిలాగే చేతికి అంటుకుని ఉన్న రోజుల్లోనే, లోకంలోని తప్పులన్నీ నేనే దిద్దాలన్న తీట ఉండేది నాకు. హిందీ మాట్లాడే ఒక ఇనుము ఫ్యాక్టరీల ఊళ్ళో, టెల్కో కాలనీలో కొత్తగా ఉద్యోగం. షిఫ్టు బస్సు దిగి, ఇంత అన్నం తిని, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం ముందు కూర్చునేవాణ్ణి. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం ఉచితం. తలుచుకుంటే ఇప్పటికీ మెడ నొప్పెడుతుంది.

గోవింద్‌పూర్‌లో మా మావయ్య ఉండేవాడు. ఒక ఫ్యాన్ల కంపెనీలో ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక జుగ్సలాయి గోదాముల్లో కాపలా ఉండి సంసారం ఈడ్చుకొచ్చాడు. (కంపెనీ పేరు చెప్పను. చెబితే మళ్ళీ ఎవడో వచ్చి దిద్దుతాడు, నాకు ఓపిక లేదు.) చాలా ఏళ్ళకి ఎక్కడివాళ్ళో ఆ పేరొక్కటీ కొనుక్కుని, ఎక్కడో తయారైన ఫ్యాన్లకి అతికించి అమ్మడం మొదలుపెట్టారు. అంతవరకూ వాళ్ళిష్టం. కానీ పాత కంపెనీ పేజీలో, అది మూతపడిందన్న వాక్యం పీకేసి, 'నాటి నుంచి నేటి వరకూ నిరంతరాయంగా నడుస్తోంది' అని ఎవరో రాశారు. అది చదివి వినిపిస్తే మావయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"మూసీనేదంటే మరి నానెందుకురా రోడ్డున పడ్డాను? కాలు జారి పడ్డానేటి?"

"పాపా, ఛోడియే న," వదిలెయ్యమంటూ తండ్రితో అంది మరదలు (ఇప్పుడు నా భార్య. ఇప్పటికీ అదే మాట, కాకపోతే నాతో). నేను వదిల్తేగా! కొత్తవాళ్ళకి వేరే పేజీ పెట్టించి, పాతదాన్ని ఉన్నదున్నట్టు నిలబెడతానని మావయ్యకి మాటిచ్చేశాను.

ఇచ్చానే గానీ, ఆ పేజీకి కాపలా కాసే మహానుభావుడొకడు, ముఖం తెలీదు, మారుపేరొక్కటే, "పేరు ఒకటే, గుర్తు ఒకటే, కాబట్టి పేజీ కూడా ఒకటే" అని భీష్మించుకు కూర్చున్నాడు. నేను రాయడం, అతను చెరపడం. మా మావయ్యే సాక్షి అంటే, "మీ మావయ్య చెల్లడు. ఎక్కడైనా అచ్చయిందా?" అన్నాడు. చివరికి మావయ్య ఒక పాత హిందీ పేపరు ముక్క వెతికి తెచ్చాడు. మూసేసిన గేటు ముందు కార్మికులంతా నిలబడ్డ ఫోటో. ఇంకెక్కడికి పోతాడు అనుకుంటూ దాన్ని పెట్టేశాను.

జవాబు వెంటనే వచ్చింది. "బాగా చూడండి. గేటుకి తోరణాలు, బంతిపూలు. ఫోటో కింద విశ్వకర్మ పూజ అని ఉంది, అంటే కార్మికులు తమ మెషీన్లకి చేసే పూజ. పూజ జరిగిందంటే కంపెనీ నడుస్తున్నట్టే." ఆ పేజీ చర్చకొచ్చిన మిగతా పెద్దలందరూ అవునంటే అవునన్నారు.

"అదేటి మావయ్యా, మూసేశాక పూజేమిటి?" అని లబలబలాడాను.

"ఈ ఊర్లో ఇనుం పట్టినోడు విశ్వకర్మ పూజ మానేత్తాడేటిరా? లోపలికి ఎల్లనియ్యనేదు. మెషీన్లు అందనేదు. సేతికందిన ఇనుం ఆ తాళమొక్కటే. దానికే బొట్టెట్టి, దండేసి, కొబ్బరికాయ కొట్టీసినాం."

ఫోటోలో ఆ తాళం కనబడితే ఒట్టు. నిండా పూలే. వాదించడానికి నాకిక ఓపిక లేకపోయింది. ఓడిపోయాం మావయ్యా, అన్నాను. మావయ్య ఆ పేపరు ముక్కని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంటే కంపెనీ ఏనాడూ ఆగనేదన్నమాట," అన్నాడు. "అయితే ఇన్నేళ్ళూ నానే డ్యూటీ ఎగ్గొట్టీసినానేటిరా?"

అని నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది, దిద్దడం నేనే మానేశాను. లోకాన్నంతా సరిచెయ్యబోయి, ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక్క వాక్యం తిరిగి ఇప్పించలేకపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పుడు నవ్వే వస్తుంది, జాలిగా.