ప్రిస్కిల్లా టీచరు గారి గేటు కెమెరా

కడియంలో కెమెరాలు బిగించే బుల్లబ్బాయిని అందరూ ఆట పట్టిస్తారు. మధ్యాహ్నానికే పని ముగించుకుని కూడా, చీకటి పడేదాకా కెమెరా పెట్టిన ఇంటి అరుగు మీదే కూర్చుంటాడు. "రాత్రి భోజనానికి కూడా ఉండిపోతావేంట్రా?" అంటే నవ్వి ఊరుకుంటాడు. నేనూ ఒకసారి అన్నాను. సంగతి తెలిశాక నా నోటి మీద నాకే రోత పుట్టింది.

రెండేళ్ళ క్రితం ప్రిస్కిల్లా టీచరు గారింట్లో కెమెరా పెట్టాడు. ఆవిడ భర్త సురేష్‌బాబు గారు మతిమరుపు ముదిరి, రాత్రుళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయేవారు. అందుకే ఆ కెమెరా. బుల్లబ్బాయి పట్టపగలు పరీక్షించి, బొమ్మ అద్దంలా ఉందని వెళ్ళిపోయాడు. డిసెంబరు రాగానే టీచరు గారు చూరుకి క్రిస్మస్ నక్షత్రం కట్టారు. అది సరిగ్గా కెమెరాకి ఎదురుగా వెలిగింది.

ఆ వారంలోనే ఓ రాత్రి సురేష్‌బాబు గారు కనబడకుండా పోయారు. రికార్డింగులో గేటంతా తెల్లటి వెలుగే. ఆయన అందులోకి నడిచి వెళ్ళారు. బయటి వీధి దీపానికి కాబోలు, గేటు లోపలి నేల మీద ఓ నీడ పొడుగ్గా సాగి మాయమైంది. అంతే. గేటు దాటి కుడికి తిరిగితే బస్సుల రోడ్డు, ఎడమకి తిరిగితే కాలువ. ఎంత వెతికినా దొరకలేదు. రోడ్డెక్కి ఉంటే ఎక్కడో బతికే ఉంటారని టీచరు గారి ఆశ.

పదో రోజు చీకటి పడ్డాక బుల్లబ్బాయిని పిలిపించారు.

"ఆ రాత్రి బొమ్మ కాస్త తేట చెయ్యి బాబూ."

"రికార్డయిపోయింది మారదండి. ఇక మీద వచ్చేదే సరిచెయ్యగలనండి. వెలుగు తగ్గించి, కెమెరా కాస్త కిందికి వంచితే మొహాలు తెలుస్తాయండి," అన్నాడు. ఆ పని ముందే చెయ్యాల్సిందని వాడికి తెలుసు.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఇప్పుడేం ముట్టుకోకు. గేటు దాటి ఓసారి కుడికి, ఓసారి ఎడమకి నడువు. నేను ఫోన్లో చూస్తాను."

వాడు కుడికి నడిచాడు. లోపలి నేల మీద నీడ పడలేదు. ఎడమకి తిరిగే ముందు గేటు దగ్గరే ఆగిపోయాడు. అక్కణ్ణించే పారిపోవాల్సిందని ఇప్పటికీ అంటాడు. టీచరు గారు వరండాలోంచి, బడిలో పిల్లాడికి చెప్పినట్టే మెల్లిగా, "ఊఁ, నడు" అన్నారు. నడిచాడు. వీధి దీపం వాడి నీడని గేటు లోపలికి పొడుగ్గా పరిచింది.

తిరిగి వచ్చేసరికి ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏడవలేదు.

"నువ్వు చిన్నప్పట్నించీ ఆ కాలవలో ఈదేవాడివి కదా," అన్నారు. "ఈ వేళప్పుడు నీళ్ళు బాగా చల్లగా ఉంటాయా బాబూ?"