ఐదు కోర్సులు వదిలేసినందుకు

సైన్యం అధికారం లాక్కున్న నెలకే రంగూన్‌లో మా కాలేజీ సగం ఖాళీ అయింది. నేను రెండో సంవత్సరం రసాయనశాస్త్రం చదువుతున్నాను. క్లాసుకు వెళ్లడమంటే వాళ్లకు తలవంచడమేనని మేమంతా మానేశాం. పజుండౌంగ్‌లో మా వీధిలోనే ఉండే స్నేహితురాలు మాత్రం మానలేదు. ఆ రోజు నుంచి ఆమెతో మాటలు ఆపేశాను.

కాలేజీ ఆఫీసులో పనిచేసే పెద్దావిడ నన్ను చూసి జాలిపడింది.

"ఊరికే మానేస్తే ఐదు కోర్సుల్లోనూ ఫెయిలని పడుతుంది. విరమించుకుంటున్నానని దరఖాస్తు ఇవ్వు. రేపు ఏ కాలేజీకి వెళ్లినా అర్థం చేసుకుంటారు" అంది.

నమ్మి రాసిచ్చాను. మార్కుల పట్టీలో ఐదు కోర్సుల ఎదురుగా 'విరమణ' అని ఎక్కింది.

రెండేళ్లు ఇంట్లోనే గడిచాయి. ఇంటర్నెట్ ఒక రోజు వస్తే నాలుగు రోజులు ఉండేది కాదు. చివరికి పొరుగు దేశంలోని ఒక విశ్వవిద్యాలయానికి బదిలీ కోసం దరఖాస్తు చేశాను. వాళ్లు ఒకటే అడిగారు: ఒకే టర్మ్‌లో ఐదు కోర్సులు ఎందుకు వదిలేశారో రాసి, మీ కాలేజీ చేత సంతకం చేయించి పంపండి.

నిజం రాస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీదికి చేరుతుందో తెలియదు. నాన్న బోటాటౌంగ్ రేవులో ప్రభుత్వ గిడ్డంగిలో పనిచేస్తున్నాడు.

"జొరమొచ్చిందని రాసీ" అన్నాడు.

"అబద్ధం కదా నాన్నా?"

"మరేటి సేత్తావు? నిజం రాసి నన్ను జైల్లో ఎట్టిత్తావా?"

జ్వరమనే రాశాను. డాక్టరు కాగితం పంపమన్నారు. లేని జ్వరానికి కాగితం ఎక్కడిది? కొన్ని వారాలకు జవాబొచ్చింది. బదిలీ కుదరదట, చదువులో నిలకడ కనబడలేదట. కావాలంటే మొదటి సంవత్సరంలో కొత్తగా చేరమన్నారు. ఆ 'నిలకడ' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా వీధి మలుపులో సైనికులు తుపాకులతో నిలబడిన రోజున కూడా నేను మాట మార్చలేదు.

నా స్నేహితురాలిని అదే విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలోకి తీసుకున్నారు. వెళ్లే ముందు మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంకా కోపమేటే? ఆ క్లాసులో ముగ్గురమే కూకునీవోళ్లం. సారు మా మొకాలు సూసీవోడు కాదు" అంది.

లోపలికి రమ్మనలేదు. తప్పు ఆమెదని అనే ధైర్యం అప్పటికే పోయింది. నాదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆమె వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆ మొదటి సంవత్సరంలోనే చేరాను. తరగతిలో అందరికన్నా పెద్దదాన్ని. తొలి వారంలోనే మాస్టారు, ఈ పాఠం ఇంతకుముందు చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను చెయ్యెత్తలేదు.