మేనమామ ఒడి, మొండి కఫం

మా చెల్లెలి బిడ్డకు తలవెంట్రుకలు తీసి చెవులు కుట్టించే రోజు ఖాయమైందని అందరికంటే చివర నాకు తెలిసింది. అప్పుడే అనుమానం వచ్చింది. మా హోసూరు, కృష్ణగిరి పక్క ఏ బిడ్డకైనా మొదటి క్షవరం మేనమామ ఒడిలోనే జరగాలి. మేనమామ పీట మీద కూర్చుని, బిడ్డ తల కదలకుండా పట్టుకోవాలి. కంసాలి ఆచారి వచ్చి రెండు చెవులూ కుట్టేదాకా లేవకూడదు. ఆ బిడ్డకు సొంత మేనమామను నేనొక్కడినే. కానీ నాకు దగ్గు.

మామూలు దగ్గు కాదు. గ్రానైటు ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు రాయి కోసి, సగం దుమ్ము ఛాతీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి. ఊపిరితిత్తుల్లో గొట్టాలు వదులైపోయాయనీ, వాటిలో కఫం నిలిచిపోతోందనీ, ఇది పూర్తిగా నయమయ్యేది కాదనీ, రోజూ బయటికి తీసేసుకోవడమే దారనీ డాక్టరు చెప్పాడు. మా ఆవిడకు ఆ చప్పుడు అలవాటైపోయింది. బయటివాళ్లకే కాలేదు. బస్సులో ఒక్కసారి దగ్గితే పక్క సీటు ఖాళీ అవుతుంది. వేప్పనపల్లి నుంచి కృష్ణగిరి దాకా కాళ్లు చాపుకుని ప్రయాణం చేసిన రోజులున్నాయి, ఆ సుఖం దాచిపెట్టను.

చెల్లెలి అత్త కెలవరపల్లి నుంచి ఫోను చేసింది.

"ఏమప్పా, తప్పుగా అనుకోవద్దు. కత్తి ఆడే చోట నువ్వు దగ్గితే బిడ్డ తలకు గాటు పడుతుంది. మీ చిన్నాయన కొడుకు ఉండాడు కదా, వాడూ మేనమామే. వాణ్ణి కూర్చోబెడతాము. నువ్వు ముందర కుర్చీలో దర్జాగా కూర్చో."

మా చిన్నాయన కొడుకు! ఫోటో ఎక్కడ తీస్తే అక్కడ మొలిచేవాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాటలో న్యాయం ఉండడంతో ఇంకా మండింది.

"అత్తా, ఇంకా నెల ఉండాది. ఆ పొద్దుకు నేను దగ్గను, చూస్తా ఉండు" అని మాట ఇచ్చేశాను. ఇచ్చి, ఫోను పెట్టేసి, పావుగంట దగ్గాను.

మర్నాడే హోసూరు ఆస్పత్రిలో ఊపిరి కసరత్తులు నేర్పే అమ్మాయి దగ్గరికి పోయాను. నెలలో దగ్గు ఆపాలమ్మా అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

"దగ్గు ఆపేది కాదప్పా, ఛాతీలో ఉండే గళ్ల బయటికి తీసేది నేర్చుకోండి. అది పోతే దగ్గే తగ్గుతుంది."

నీళ్ల సీసాలో గొట్టం ముంచి బుడగలు వచ్చేలా మెల్లగా ఊదాలట. తర్వాత గొంతు చించుకుని దగ్గకుండా, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ఊదినట్టు నోరు తెరిచి "హా" అనాలట. ఇంట్లోవాళ్లు అరచేయి గుంట చేసి వీపు తట్టాలట. నీళ్లు మాత్రం బాగా తాగాలని పదేపదే చెప్పింది.

గొట్టానికి కరువేముంది? టమాటా తోటకని తెచ్చిన కొత్త డ్రిప్పు పైపులో మూరెడు ముక్క కోసి, వేడినీళ్లతో కడిగి, రోజూ పొద్దున్నే బుడబుడమని ఊదేవాణ్ణి. వీపు పని మా ఆవిడది. రాగిరొట్టె తట్టి తట్టి ఆరితేరిన చేయి. మొదటి రోజు ఆస్పత్రి అమ్మాయి చెప్పినట్టే తట్టింది. రెండో రోజు నుంచి పాత సంగతులు గుర్తుకొచ్చాయి.

"ఇది మా తమ్ముడి పెండ్లికి ఆలస్యంగా వచ్చినందుకు" అని నాలుగు. "ఇది దుమ్ములో పని మానుకోమంటే మానుకోనందుకు" అని ఇంకో పది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదని కళ్లు మూసుకునేవాణ్ణి. ఏ మాటకామాటే, కఫం కదిలేది. పొద్దున గంటసేపు అవస్థ పడితే మధ్యాహ్నం దాకా ఛాతీ తేలిగ్గా ఉండేది.

అత్త నమ్మలేదు. రోజు మార్చి రోజు ఫోను చేసి ఆవుల సంగతీ వానల సంగతీ మాట్లాడించేది. అదంతా నా దగ్గు లెక్కపెట్టడానికే. నేనూ తక్కువవాణ్ణి కాదు. గొంతులో గరగర మొదలవగానే "సిగ్నల్ లేదత్తా" అని కట్ చేసేవాణ్ణి. మా ఊరి సిగ్నల్ మీద ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి ఆ అబద్ధం చెల్లింది. చివరికి ఆవిడ దిగివచ్చింది. పీట మీద నేనే కూర్చోవచ్చు. చిన్నాయన కొడుకు మాత్రం నా పక్కనే, చేతులు ఖాళీగా పెట్టుకుని ఉంటాడు.

అంతా బాగుండగా, ముందు రోజు సాయంత్రం నా రైతు బుర్ర పనిచేసింది. మడిలో బురద ఎక్కువైతే ఏం చేస్తాం? నీళ్లు ఆపుతాం. రెండు పూటల్లో ఆరిపోతుంది. ఛాతీ మాత్రం మడి కాదా? అంతే, గుక్కెడు నీళ్లు తాగలేదు. పొద్దున కాఫీ కూడా వద్దన్నాను. నీళ్లు తాగినావా అని మా ఆవిడ అడిగితే తాగినానని చెప్పాను. ఆ రోజు ఎంత ఊదినా, ఎంత తట్టించుకున్నా ఏమీ రాలేదు. ఆరిపోయింది, పీడ వదిలిందని సంబరపడ్డాను.

కెలవరపల్లి దగ్గర వాళ్ల కులదేవత గుడి ముందు పీట వేశారు. క్షవరం మొత్తం జరిగింది, నేను దగ్గలేదు. చిన్నాయన కొడుకు మొహం వాడిపోయింది. ఆచారి కుడిచెవి కుట్టాడు. గట్టి మేళం మోగింది, బిడ్డ కేరుమని ఏడ్చింది, ఆ ఏడుపుకు నా గుండెలు కరిగి, లోపల ఏదో కదిలింది.

ఎండిన బురద గడ్డ కడుతుందని ఏ రైతుకైనా తెలుసు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ గడ్డ గొంతు దాకా వచ్చి అక్కడే పట్టుకుంది. మింగలేక కక్కలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమచెవి దగ్గరికి వచ్చిన ఆచారిని ఆగమని చెయ్యెత్తాను. చిన్నాయన కొడుకు వెంటనే రెండు చేతులూ చాపాడు.

"ఇచ్చెయ్యప్పా, వాడికిచ్చెయ్" అంది అత్త.

ఇవ్వక తప్పదనిపించింది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు. బిడ్డను ఎత్తబోతుంటే మా చెల్లెలు మధ్యలోకి వచ్చి తనే చంకనేసుకుంది.

"ఎవరూ కూర్చోవద్దండి. మా అన్న బాగయ్యేదాకా ఆ చెవి కుట్టేది లేదు."

అత్త ముందు మా చెల్లెలు గొంతెత్తడం నేను అదే మొదటిసారి వినడం. బిడ్డ పాలకని తెచ్చిన ఫ్లాస్కులోంచి వేడినీళ్లు గ్లాసులో పోసి నాకిచ్చింది. గుక్కగుక్కగా తాగాను. "హా" అన్నాను. మళ్లీ "హా" అన్నాను. ఊరంతా చూస్తోంది. గడ్డ జారి నోట్లోకి వచ్చింది. లేచిపోవడానికి లేదు. అటూ ఇటూ చూస్తుంటే చెల్లెలు కొత్త పట్టుచీర చెంగు నా నోటి ముందు పట్టింది. వద్దని తల ఊపాను.

"చిన్నప్పుడు నా ముక్కు నీ చొక్కాకే కదా తుడిచినాను. ఉమ్ము, అన్నా."

ఉమ్మాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అనపగింజంత గడ్డ. మెడ చాచి చూస్తున్న అత్తే ముందుగా అడిగింది.

"వచ్చిందా?"

"వచ్చిందా?" అని ఆచారి. "వచ్చిందంటనా?" అని వెనక వరుసలో ఆడవాళ్లు.

"వచ్చింది!" అని చెల్లెలు అందరికీ వినపడేలా అరిచింది. రెండో చెవి కూడా అయిపోయిందనుకుని మేళంవాళ్లు గట్టి మేళం అందుకున్నారు. నా కఫానికి నాదస్వరం, డోలు! జనం నవ్వలేక చచ్చారు. నేను నవ్వుతూ ఏడ్చాను. దగ్గు వల్ల వచ్చిన నీళ్లని అందరూ అనుకున్నారు, కాదు.

మేళం ఆగాక అత్త కోడలి చంకలోంచి బిడ్డను తీసుకుంది. చిన్నాయన కొడుకును దాటుకుని వచ్చి, తన చేత్తోనే నా ఒళ్లో పెట్టింది.

"ఇంకో చెవి ఉండాదప్పా, సరిగ్గా పట్టుకో."